పాత రేవుకు కొత్త పని: కళింగపట్నం ఒడ్డు నుంచి చూసినప్పుడు

వంశధార సముద్రంలో కలిసే చోట, గార మండలం కళింగపట్నంలో, 1876 నుంచి దీపస్తంభం ఉంది. అది దారి చూపవలసిన సరుకు ఓడలు మాత్రం ఆ రేవుకు రావడం మానేసి అరవై ఏళ్లు దాటింది. శ్రీకాకుళం నుంచి సెలవురోజున బీచికి వచ్చే కుటుంబాలకు అదొక విహారస్థలం. ఆ ఊరి పాతతరానికి మాత్రం అది ఇప్పటికీ ‘రేవే’. ఈ రేవుకు మళ్లీ ప్రాణం పోయాలన్న కోరిక జిల్లాలో ఎప్పటినుంచో వినిపిస్తున్నదే.

ఇంతలో ప్రపంచంలో పాత రేవుల కథ మరో మలుపు తిరిగింది. ఐరోపాలో మూతపడిన ఓడల యార్డులు, వెలవెలబోయిన రేవులు సముద్రంలో గాలిమరలు నిలిపే పరిశ్రమకు, అలల నుంచీ ఆటుపోట్ల నుంచీ విద్యుత్తు తీసే ప్రయోగాలకు స్థావరాలవుతున్నాయి. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2024 జూన్‌లో సముద్ర పవన విద్యుత్తు కోసం ఆమోదించిన 7,453 కోట్ల రూపాయల పథకంలో 600 కోట్లను ప్రత్యేకంగా రెండు ఓడరేవులను ఈ పనికి సిద్ధం చేయడానికే కేటాయించింది. ఆ రెండూ మన తీరంలోనివి కావు. అయినా ఇలాంటి పని ఎప్పటికైనా ఉత్తరాంధ్ర తీరానికి వస్తే అది ఏ చరిత్ర మీద కాలు మోపబోతోందో ముందే తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే పాత రేవును బాగు చేయడమంటే దానిలో కొంత నిలపడం, కొంత పూడ్చడం. ఏది నిలపాలో, ఏది పూడ్చాలో నిర్ణయించేవారికి అక్కడ ఏముండేదో తెలిసి ఉండాలి.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. కళింగపట్నం రేవే గాని డాక్‌యార్డు కాదు. తెలుగు తీరంలో ఓడలు కట్టిన ఊరుగా పేరు మోసింది గోదావరి ముఖాన ఉన్న కోరంగి; 1839 తుఫాను ఆ పట్టణాన్ని తుడిచిపెట్టింది. కళింగపట్నంలో ఓడలు కట్టలేదు, ఒడ్డుకు ఆనుకొని నిలబడనూ లేదు. అవి లోతు నీటిలో దూరంగా లంగరు వేసేవి. ఓడకూ ఒడ్డుకూ మధ్య విరిగిపడే అలల వరుసలను దాటి సరుకునూ మనుషులనూ చేరవేసింది మసూలా పడవలు. ఈ పడవల పలకలను మేకులతో కాకుండా కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ అల దెబ్బకు బీటలిస్తుంది. కుట్టిన పడవ కాస్త వంగి, లొంగి, ఇసుక మీదకు చేరుతుంది. ఏ అలను వదిలేయాలో, ఏ అల వెనుక తెడ్డు వేయాలో తెలిసిన సరంగు లేకపోతే దూరాన నిలిచిన ఆవిరి ఓడ ఎంత పెద్దదైనా దానివల్ల ఒడ్డుకు ప్రయోజనం లేదు. కాబట్టి మన రేవుల్లో రాతి కట్టడాల కోసం వెతికితే గోదాములు, దీపస్తంభం మినహా పెద్దగా దొరకదు. ఇక్కడి అసలు నిర్మాణం ఆ పడవ, దాన్ని నడిపిన మత్స్యకారుల చేతి నేర్పు, పడవను లాగి నిలిపిన ఇసుక ఒడ్డు. మన రేవుల వారసత్వం గురించి మాట్లాడేవారు ఈ మాట మరచిపోకూడదని నా అభిప్రాయం.

ఆ ఒడ్డు ఎంత పాతదో చెప్పడానికి వంశధార వెంట కొద్ది దూరం ఎగువకు వెళితే చాలు. నది దక్షిణపు గట్టున శాలిహుండం కొండ మీద క్రీస్తుకు పూర్వమే మొదలైన బౌద్ధ స్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. అంత పెద్ద విహారం నదీముఖానికి అంత దగ్గరగా వెలిసిందంటే, దాన్ని పోషించిన వారిలో వర్తకులు ఉండి ఉంటారని, వారి రాకపోకలు ఈ మొగ (నదీముఖం) గుండానే సాగి ఉంటాయని ఊహించడం తప్పు కాదు. కళింగ నావికులకు ఆగ్నేయాసియాతో ఉన్న సంబంధం చరిత్రలో నిలిచినదే.

బ్రిటిష్ కాలంలో ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విడిపోయి విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. బ్రిటిష్ వారి కాలంలో కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్ రేవుల్లో కోస్తా వెంట తిరిగే ఆవిరి ఓడలు ఆగేవి. వాటిలో సరుకుతో పాటు మనుషులూ వెళ్లారు. బర్మాలోని రంగూన్ రేవులోనూ, వడ్ల మిల్లుల్లోనూ పనికి ఈ తీరం నుంచి వెళ్లిన వేలాది కూలీలకు సొంతగడ్డ మీద చివరి అడుగు ఈ ఇసుకే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బర్మాను ఆక్రమించినప్పుడు వారిలో ఎందరో కాలినడకన కొండలు దాటి తిరిగి వచ్చారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘రంగం’ (రంగూన్) అనే మాట ఇప్పటికీ పెద్దల నోట వినిపిస్తుందంటే ఆ రాకపోకల జ్ఞాపకమే కారణం.

రేవు ఒక్కరోజులో మూతపడలేదు. 1893 నుంచి 1896 లోపు బెజవాడ, కటక్‌ల మధ్య రైలు మార్గం వచ్చింది. అది తీరాన్ని ఆనుకొని కాకుండా లోపలి నుంచి, శ్రీకాకుళం పట్టణాన్ని కూడా పక్కన వదిలేసి ఆమదాలవలస మీదుగా సాగింది. రైలు ఆగే చోటికి సరుకు మళ్లింది. తరువాత 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమైంది. అక్కడ ఓడ గట్టుకు ఆనుకొని నిలబడుతుంది, పక్కనే రైలు పెట్టె ఉంటుంది. మధ్యలో మసూలా పడవ అవసరమే లేదు. 1941లో మొదలైన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం నుంచి 1948 మార్చిలో ‘జల ఉష’ నీటిలోకి దిగేసరికి ఉత్తరాంధ్ర సముద్ర వ్యాపారమంతా ఒకే చోటికి చేరిపోయింది. భీమునిపట్నం, కళింగపట్నం, బారువ వరుసగా వెనుకబడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకే కళింగపట్నంలో సరుకు రవాణా ఆగిపోయింది.

ఇప్పుడు వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్ సంగతి చూడాలి. పాత డాక్‌యార్డును సముద్ర విద్యుత్తు పరిశ్రమకు అప్పగిస్తే ఏం జరుగుతుందో అక్కడ కనిపిస్తుంది. బ్రిటిష్ నౌకాదళం 1814లో అక్కడ యార్డు స్థాపించింది; 1816లో మొదటి రెండు ఓడలు నీటిలోకి దిగాయి. యార్డు కోసమే గళ్ల గళ్లుగా వీధులు వేసి ఒక పట్టణాన్ని కట్టారు. వందేళ్లకు పైగా కాలంలో 250కి మించిన యుద్ధనౌకలు, రాజకుటుంబపు విహారనౌకలు అక్కడ తయారయ్యాయి. కానీ దాని లోపం మొదటి నుంచీ ఉన్నదే: నీటిలో తేలిన ఓడకు యంత్రాలు, ఫిరంగులు అమర్చడానికి తగిన వసతి లేక దాన్ని మరో యార్డుకు తీసుకెళ్లవలసి వచ్చేది. ఇనుప ఓడల పరిమాణం పెరిగే కొద్దీ ఆ లోపం భారమైంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఖర్చు తగ్గించుకునే క్రమంలో 1926లో యార్డును మూసేశారు. మరో జీవనాధారం లేని ఆ ఊరు నిరుద్యోగంలో మునిగింది. 1930లో వైమానిక దళం వచ్చి నీటి మీద దిగే విమానాలకు స్థావరం చేసుకుంది, పెద్ద పెద్ద షెడ్లు కట్టింది; 1950ల చివరికి అదీ వెళ్లిపోయింది. ఒకే పనిని నమ్ముకున్న రేవు ఊరికి ఆ పని పోతే ఏమవుతుందో కళింగపట్నం వారికి వివరించనవసరం లేదు.

ఆ ప్రాంతపు అభివృద్ధి కోసం 2017లో కుదిరిన స్వాన్సీ బే ఒప్పందంలో భాగంగా పెంబ్రోక్ డాక్‌లో సుమారు 6 కోట్ల పౌండ్ల పథకం రూపుదిద్దుకుంది. అలల యంత్రాలనూ తేలే గాలిమరల భాగాలనూ నీటిలోకి దించడానికి వెడల్పైన కొత్త జారుడు గట్టు, భారీ వస్తువులను పరచుకోవడానికి చదునైన స్థలం, దగ్గరి నీటిలో యంత్రాలను పరీక్షించే చోటు, పరిశోధకులకు కార్యాలయాలు ఇందులో ఉన్నాయి. అయితే ఆ చదునైన స్థలం కోసం, నౌకాదళం కాలంలో కొయ్యదుంగలను నానబెట్టిన చెరువునూ ఓడలను మరమ్మతు చేసిన రాతి డాక్‌నూ పూడ్చాలన్న ప్రతిపాదన తీవ్రమైన వివాదానికి దారి తీసింది. పాత నౌకా యార్డుల చరిత్రను కాపాడాలనుకునేవారు అభ్యంతరం చెప్పారు. ఉద్యోగాలు కావాలనుకున్నవారు, ఈ యార్డు ఎప్పుడూ పనిచేయడానికే పుట్టింది కాబట్టి పని ఇవ్వడమే దానికి గౌరవమని వాదించారు. రెండు వాదనల్లోనూ నిజముంది. నన్ను ఆలోచింపజేసిన విషయం వేరు: అక్కడ పూడ్చబోయేది ఏమిటో అందరి కళ్లకూ కనిపించింది. రాతి గోడలున్నాయి, పాత పటాలున్నాయి, చట్టరీత్యా రక్షణ పొందిన కట్టడాల జాబితా ఉంది. అందుకే వాదన జరిగింది.

పాత రేవులే ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం యంత్రాల పరిమాణంలో ఉంది. ఇప్పుడు సముద్రంలో నిలుపుతున్న పెద్ద గాలిమరల రెక్క ఒక్కొక్కటి వంద మీటర్లు దాటుతోంది. దాన్ని రోడ్డు మీద మలుపులు తిప్పి తీసుకురావడం దాదాపు అసాధ్యం. అందుకే తయారీ నీటి అంచుకు చేరింది. ఇంగ్లండులోని హల్‌లో 1885లో తెరిచిన అలెగ్జాండ్రా డాక్ స్థలంలో 2016 చివర రెక్కల కర్మాగారం పని మొదలుపెట్టింది. డెన్మార్క్‌లో ఎస్బియర్ కథ ఇంకా దీర్ఘమైనది: 1864 యుద్ధంలో దక్షిణపు భూభాగం పోగొట్టుకున్న ఆ దేశం 1868లో పడమటి తీరాన ఈ రేవును నిర్మించ తలపెట్టింది, అది వ్యవసాయ ఎగుమతులకు, చేపల వేటకు, ఆపై చమురు తవ్వకానికి, 2002లో 80 గాలిమరల హార్న్స్ రెవ్ క్షేత్రం నుంచి పవన విద్యుత్తుకు తనను మార్చుకుంటూ వచ్చింది. 1991లో అదే దేశంలోని విండెబీ వద్ద 11 చిన్న మరలతో మొదలైన పరిశ్రమ ఇంత దూరం రావడానికి ఇలాంటి రేవులే ఆధారం.

మన దేశంలో ఈ ప్రయాణం నెమ్మదిగా ఉంది. అలల విద్యుత్తును కేరళలోని విళింజంలో 1990ల ప్రారంభంలోనే 150 కిలోవాట్ల చిన్న కేంద్రంతో ప్రయోగించి చూశారు. అది వ్యాపారంగా విస్తరించలేదు. సముద్ర పవన విద్యుత్తు విధానం 2015 అక్టోబరులో వచ్చింది. గుజరాత్, తమిళనాడు తీరాలను అనువైనవిగా గుర్తించారు. 2024 పథకం కూడా ఒక్కో చోట 500 మెగావాట్ల చొప్పున ఆ రెండు రాష్ట్రాలకే. మన రాష్ట్రంలో పవన విద్యుత్తు అంటే ఇప్పటివరకు రాయలసీమ మెట్టల మీద తిరిగే మరలే. శ్రీకాకుళం తీరంలో ఆటుపోట్ల ఎత్తు రెండు మీటర్ల లోపే కాబట్టి ఆ దారిన పెద్దగా ఆశించదగింది లేదు. ఇక తుఫానులున్నాయి: 2018లో తిత్లీ ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది, 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. ఇక్కడి నీటిలో ఏ యంత్రం నిలిపినా ముందు ఆ గాలులకు నిలబడాలి.

గుజరాత్ పేరు మన మత్స్యకారులకు కొత్త కాదు. సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లాలో సొంత రేవు లేక, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల యువకులు ఏటా వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి పనిచేస్తున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లిన మనవాళ్లు పాకిస్తాన్ జైలులో చిక్కి, 2020 జనవరిలో తిరిగి వచ్చారు. సముద్ర విద్యుత్తుకు మొదటి కొలతలు తీసిన పిపావావ్ కూడా ఆ సౌరాష్ట్ర తీరంలోనే ఉంది. మన సరంగుల పిల్లలు పరాయి రేవులో పని వెతుక్కుంటున్నారన్నదే ఈ మొత్తం చర్చలో నాకు అన్నింటికంటే బాధ కలిగించే విషయం.

రేవు కావాలన్న కోరిక అందువల్ల న్యాయమైనది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న నాలుగు బెర్తుల ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. కానీ విద్యుత్తు పేరుతో ఈ తీరానికి వచ్చిన పథకాల జ్ఞాపకం తేలికైనది కాదు. 2010 జూలై 14న సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న ప్రజల మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ అదే జరిగింది. రణస్థలం మండలం కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కోసం మత్స్యకార గ్రామాలు ఏళ్ల తరబడి తమ ఊళ్ల భవిష్యత్తు తెలియకుండా బతికాయి. సముద్రపు గాలి నుంచి తీసే విద్యుత్తుకు బూడిదా లేదు, అణు ధార్మికతా లేదు. దాన్ని వీటితో సమానం చేయడం సరికాదు. అయినా రేవు పనికి స్థలం కావాలి, వల వేసే నీటిలో కొంత మేర బోట్లకు నిషేధం కావాలి. సోంపేట వంటి చోట్ల భూమిని కోల్పోయేవారి మాట వినకపోవడమే వివాదానికి మూలం, సాంకేతికత కాదు.

కళింగపట్నం లాంటి పాత రేవులో ఏ కొత్త పని తలపెట్టినా మొదట జరగవలసింది అక్కడ ఏముందో నమోదు చేయడం. పెంబ్రోక్‌లో పూడ్చాలనుకున్న డాక్‌కు రాతి అంచులుండేవి, వాటి కొలతలుండేవి. తెప్పను లాగి ఆరబెట్టే ఇసుకకు హద్దురాయి ఉండదు, పట్టా ఉండదు. ఏ కుటుంబం ఏ మేర వాడుకుంటుందో, మొగ ఏ నెలలో ఎటు జరుగుతుందో, ఏ నీటిలో ఏ చేప పడుతుందో తెలిసినవారి తలలో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆ వివరాలన్నీ ఉన్న పటం ఒకటి ఆ ఊరివారితోనే గీయించి, ఇంజనీర్ల పటం మొదలుకాకముందే గ్రామసభ ముందు పెట్టాలి.