కిటికీలోంచి ఎక్కే పిట్టలు

చిన్నికి, బాబుకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్ని అడిగిన ప్రశ్న ఇంకా నా చెవుల్లోనే ఉంది. మార్చి 20న, పిచ్చుకల దినం నాడు, మీరు బాల్కనీలో గింజల గిన్నె పెట్టారు. రెండు పిచ్చుకలు వచ్చి వాలాయో లేదో, పావురాలు దిగి వాటిని తోసేసి గిన్నె ఊడ్చేశాయి. "తాతా, పావురాలను కట్టెతో కొట్టొచ్చా?" అని ఏడుపు గొంతుతో అడిగింది.

కొట్టొద్దు బిడ్డా. దానికీ ఆకలే. పావురం అసలు కొండచరియల్లో గూడు పెట్టుకునే పిట్ట. హన్మకొండలో మీ అపార్ట్‌మెంట్ గోడలు, కిటికీ అంచులు దానికి కొండచరియల్లాగే ఉంటాయి. పైగా పిచ్చుక 30 గ్రాములుంటే పావురం 300 గ్రాములుంటుంది. పిచ్చుక ఒక్కో గింజనూ ముక్కుతో పొట్టు ఒలుచుకుని తింటుంది. పావురం ఒలవదు, అట్లాగే మింగేస్తుంది. లోపల కందనకాయలో ఉన్న చిన్న రాళ్లే ఆ గింజలను నూరుతాయి. ఇక పిచ్చుక దానితో పోటీ ఎట్లా పడుతుంది?

నా చిన్నప్పుడు సమ్మక్క జాతరకు పోవాలంటే హన్మకొండలో బస్సు ఎక్కడమే గగనం. డోర్ దగ్గర పెద్దవాళ్లు కిక్కిరిసి ఉండేవాళ్లు. బాపు నన్ను రెండు చేతులతో ఎత్తి కిటికీలోంచి లోపలికి దింపాడు. మోకాలు గీరుకుపోయింది. అయినా బాపు తువ్వాలను సీటు మీద పరిచి, అమ్మ వచ్చేదాకా దాని మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ ఒడిలో బెల్లం మూట, ఆ వాసన, బస్సు కదలగానే కిటికీలోంచి కొట్టిన చల్లగాలి ఇప్పటికీ గుర్తే.

పిచ్చుకకు కావలసింది అట్లాంటి కిటికీయే. ఒకటిన్నర అంగుళాల కన్నున్న జాలీతో పెద్ద పెట్టె చేయించమని నాన్నకు చెప్పండి. పిచ్చుక దూరుతుంది. పావురం, గోరింక, కాకి డోర్ దగ్గరే ఆగిపోతాయి. అయితే డోర్ దగ్గర నిలబడే చేయి చాచి సీటు మీద తువ్వాల వేసేవాళ్లూ ఉంటారు కదా! పావురం కూడా మెడ లోపలికి చాస్తుంది. అందుకని గిన్నె నడుమ, జాలీకి జానెడు దూరంలో ఉండాలి. గింజలు పొద్దున పిడికెడు చాలు. ఎక్కువ పోస్తే ఖాళీ బస్సును చూసి ఊరంతా ఉరికొచ్చినట్టే. మక్కలు, శనగలు వద్దు. కొర్రలు, నూకలు వేయండి. పక్కన నీడలో ఒక మూకుడు నిండా నీళ్లు పెట్టండి.

పెద్దవాటికి వేరే బస్సు వేద్దామా అని బాబు అడుగుతాడు. బాల్కనీలో మాత్రం వద్దు. పావురాల రెట్ట ఎండి దుమ్మైతే ఊపిరితిత్తులకు మంచిది కాదు. శుభ్రం చేసే పని పెద్దవాళ్లకు వదిలేయండి. వాళ్లు కూడా ముక్కుకు బట్ట కట్టుకుని, నీళ్లు చల్లి తడిపాకే తీయాలి.

జాలీ కన్నా నాకు ఇష్టమైనది వరి కుచ్చు. కోతలప్పుడు బాపు మంచి కంకులు ఏరి, జడలాగా అల్లి, దర్వాజ ముందర దూలానికి వేలాడదీసేవాడు. ఇంట్లో ఎంత కష్టమున్నా, వడ్లు ధర పలకకపోయినా, ఆ కుచ్చు మాత్రం కట్టేవాడు. చేను తిన్న పిట్టలకు ఇల్లు కూడా తెలియాలి అనేవాడు. అది గాలికి ఊగుతుంది. పావురం కాళ్లు నేల మీద, గోడ అంచుల మీద నిలబడడానికి పనికొస్తాయి కానీ ఊగే కంకిని పట్టుకుని వేలాడలేవు. పిచ్చుకైతే తలకిందులుగా కూడా వేలాడుతుంది. రామచిలుకా వేలాడగలదు, దాన్ని ఆపలేం. అదొస్తే చూసి సంతోషపడండి.

ఇంకొన్ని రోజుల్లో మా ఊళ్లో యాసంగి కోతలు మొదలవుతాయి. నేనే కుచ్చు అల్లి తెస్తాను. రెయిలింగ్‌కు మూరెడు దూరంలో కట్టాలి, లేకపోతే పావురం రెయిలింగ్ మీద నిలబడే అందుకుంటుంది. కట్టాక మీరు కర్టెన్ వెనక కదలకుండా కూర్చోండి. మొదట ఒకే పిచ్చుక వస్తుంది. ఎదురుగా కంకి ఉన్నా చాలాసార్లు వెంటనే తినదు. దగ్గర్లో కూర్చుని కిచకిచమని మిగతావాటిని పిలుస్తుంది. ఒక్కతే తింటే కడుపు నిండుతుంది కదా, మరి ఎందుకు పిలుస్తుంది? ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఆశ్చర్యం తీరలేదు. ఎన్నిసార్లు పిలిచాక రెండోది వచ్చిందో లెక్కపెట్టి నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య