నెట్ రన్‌రేట్ చివరి రోజున పుట్టదు: మహిళల క్వాలిఫయర్‌పై ఒక స్కోరర్ రాసిన అపోహలు - వాస్తవాలు

అమ్మాయిల టోర్నీలకు స్కోరర్‌గా పనిచేస్తాను. లీగ్ దశ ముగింపుకొచ్చిందంటే చాలు, నా బల్ల దగ్గర కోచ్‌లు, మేనేజర్లు, తల్లిదండ్రులు గుమిగూడతారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడం, ఇప్పుడు ఎన్ని ఓవర్లలో కొట్టేస్తే మేం పైకి వెళ్తాం?" అడగడంలో తప్పు లేదు. మొదటి మ్యాచ్ రోజున ఒక్కరూ వచ్చి అడగరే, నా బాధ అదీ. పాయింట్లు సమమైన జట్లను విడదీసేది నెట్ రన్‌రేట్: టోర్నీ మొత్తంలో ఓవర్‌కు మనం చేసిన సగటు పరుగుల్లోంచి, ఓవర్‌కు మనం ఇచ్చిన సగటు పరుగులు తీసేస్తే మిగిలేది. అది చివరి మ్యాచ్‌లో తేలే విషయమని అందరి నమ్మకం. ఈ నమ్మకం వల్ల పోయినన్ని బెర్తులు వాన వల్ల కూడా పోలేదని నా గట్టి అభిప్రాయం.

2025 ఏప్రిల్ 9 నుంచి 19 వరకు లాహోర్‌లో జరిగిన మహిళల వన్డే ప్రపంచకప్ క్వాలిఫయర్ గురించి ఇప్పటికీ నాకు వాట్సాప్‌లో ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. "వెస్టిండీస్‌ను ఒక్క సిక్స్ ముంచేసింది", "ఐసీసీ అన్యాయం చేసింది", "బంగ్లాదేశ్ ఓడిపోయి కూడా ఎలా వెళ్లింది?" వీటిలో ఒక్కటీ లెక్కకు నిలబడదు. ఆ టోర్నీనే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే ఇంత స్పష్టంగా పాఠం చెప్పే పాయింట్ల పట్టిక మరొకటి నేను చూడలేదు.

ఆరు జట్లు, రెండు బెర్తులు. ఆతిథ్య పాకిస్థాన్ ఐదుకు ఐదు గెలిచి మొదటి బెర్తు తీసుకుంది. రెండోదాని దగ్గర బంగ్లాదేశ్, వెస్టిండీస్ చెరి మూడు విజయాలతో, చెరి ఆరు పాయింట్లతో ఆగాయి. బంగ్లాదేశ్ నెట్ రన్‌రేట్ 0.639, వెస్టిండీస్‌ది 0.626. తేడా 0.013.

అపోహ: చివరి మ్యాచ్‌లో ఆ సిక్స్ కొట్టకుండా ఉంటే వెస్టిండీస్ ప్రపంచకప్‌కు వెళ్లేది

ఏం జరిగిందో ముందు చెబుతాను. చివరి రోజున పాకిస్థాన్ చేతిలో బంగ్లాదేశ్ ఏడు వికెట్లతో ఓడింది. థాయ్‌లాండ్‌పై వెస్టిండీస్ ముందున్న లక్ష్యం 167. సింగిల్‌తో గెలిచేటట్లయితే 10 ఓవర్లలోపు ముగించాలి. హేలీ మాథ్యూస్ 29 బంతుల్లో 70, షినెల్ హెన్రీ 17 బంతుల్లో 48 బాదారు. అయినా గడువు జారిపోయింది. మిగిలిన దారి ఒక్కటే: స్కోర్లు సమం చేసి, ఆ తర్వాత సిక్స్ కొట్టి 172 చేస్తే 11 ఓవర్లు పట్టినా సరిపోతుంది. 162 దగ్గర ముందు ఫోర్ రావాలి, తర్వాత సిక్స్. వచ్చింది ముందే సిక్స్. 10.5 ఓవర్లలో 168, మ్యాచ్ గెలిచారు, బెర్తు పోయింది.

టీవీలో ఆ దృశ్యాన్ని చూసినవాళ్లందరికీ ఆ ఒక్క బంతే గుర్తుంది. ఆ సిక్స్ కొట్టిన అమ్మాయిని నిందించిన మెసేజీలు చదివితే నాకు కోపం వచ్చింది. 10 ఓవర్లలో 167 అనే పరిస్థితి ఆ రోజు ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. అంతకు ముందు నాలుగు మ్యాచ్‌లు తెచ్చిపెట్టిన పరిస్థితి అది.

స్కోర్ షీట్ల ప్రకారం టోర్నీ మొత్తానికి వెస్టిండీస్ లెక్క ఇది: 189.5 ఓవర్లలో 936 పరుగులు చేశారు, 233 ఓవర్లలో 1003 ఇచ్చారు. బంగ్లాదేశ్ 248.4 ఓవర్లలో 1192 చేసింది, 235.4 ఓవర్లలో 979 ఇచ్చింది. ఆలౌట్ అయిన చోట పూర్తి కోటా ఓవర్లు వేసుకున్న లెక్కలివి. ఇప్పుడు వెస్టిండీస్ 936కు మూడు కలిపి 939 చేసి చూడండి. నెట్ రన్‌రేట్ 0.641 దాటుతుంది, బంగ్లాదేశ్ వెనకబడుతుంది.

మూడు పరుగులు. ఐదు మ్యాచ్‌లలో ఎక్కడైనా సరే.

ఆ మూడు పరుగులు ఎక్కడ దొరికేవో చూద్దాం. తొలిరోజు స్కాట్లాండ్ 244 చేసింది. మాథ్యూస్ కండరాలు పట్టేసి స్ట్రెచర్ మీద బయటికెళ్లింది, మళ్లీ వచ్చి బ్యాటింగ్ చేసి 114 నాటౌట్‌గా నిలిచింది. వెస్టిండీస్ 233కు ఆలౌట్, 11 పరుగుల ఓటమి. ఆట 46.2 ఓవర్లకే ముగిసింది, అంటే 22 బంతులు ఆడకుండానే మిగిలిపోయాయి. ఆ 22 బంతుల్లో మూడు పరుగులు చేసి 11కు బదులు 8 పరుగుల తేడాతో ఓడినా, మిగతాదంతా అలాగే ఉంటే, పది రోజుల తర్వాత థాయ్‌లాండ్‌పై చేసిన ఆ 168 చాలేది. మ్యాచ్ ఓడిపోయినా ప్రపంచకప్‌కు వెళ్లేవాళ్లు! పాకిస్థాన్‌పై 191 ఛేదిస్తూ 126 దగ్గర ఆగిపోయారు. అక్కడ ఇంకో మూడు చేసినా సరిపోయేది. పరుగులు చేయలేకపోయినా, ఓడిన ఆ రెండు మ్యాచ్‌లలో కలిపి నాలుగు పరుగులు తక్కువ ఇచ్చినా చాలు. నాలుగంటే నాలుగు వైడ్లు, లేదా కవర్స్‌లో కాళ్ల మధ్య నుంచి జారిపోయిన ఒక ఫోర్.

అందుకే "మ్యాచ్ ఎలాగూ పోయింది, ఇక ఏముందిలే" అనే మాట వింటే నేను ఊరుకోలేను. మ్యాచ్ పోయిన తర్వాత చేసే పరుగులకూ, మ్యాచ్ గెలిచిపోయామని తెలిశాక ఇచ్చే పరుగులకూ ఒకే విలువ. కిరాణా కొట్టు ఖాతా లాంటిదే ఇది, ఒకటో తారీఖున తెచ్చిన ఉప్పు ప్యాకెట్ కూడా నెలాఖరు బిల్లులో ఉంటుంది.

మా దగ్గర అమ్మాయిల అంతర్ జిల్లా టోర్నీలో ఇదే జరిగింది. ఒక జట్టు తొలి మ్యాచ్‌లో పెద్ద లక్ష్యం ముందు చేతులెత్తేసింది. చివరి ఓవర్లలో క్రీజులో ఉన్న ఇద్దరు పిల్లలు రెండు పరుగులు వచ్చే చోట ఒకటి తీసి ఆగిపోయారు. బౌండరీ దగ్గర నుంచి వాళ్ల కోచ్ "వికెట్ పడకుండా చూసుకోండి చాలు" అని అరుస్తున్నారు. టోర్నీ చివరికి ఆ జట్టు మూడో దశాంశ స్థానంలో నాకౌట్ పోగొట్టుకుంది. నింద ఎవరి మీద పడిందో తెలుసా? చివరి మ్యాచ్‌లో నెమ్మదిగా ఆడిందని పదిహేనేళ్ల ఓపెనర్ మీద. ఆ రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసింది. "మేడం, మా పాప వల్లే పోయిందంటున్నారు, నిజమేనా? అన్నం తినట్లేదు" అంది. "కాగితం, పెన్ను తీసుకోండమ్మా" అని, నా దగ్గరున్న షీట్లన్నీ తిరగేసి ఒక్కో మ్యాచ్ అంకెలు చెప్పించి లెక్క వేయించాను. ఆ అమ్మాయి ఆడిన ఇన్నింగ్స్ తీసేస్తే జట్టు ఇంకా కిందికి పోయేది. తల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఈ కాగితం కోచ్‌గారికి చూపించొచ్చా?" అని అడిగింది. తప్పకుండా చూపించమన్నాను.

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. ఎవరో ఒక పిల్ల వల్ల నెట్ రన్‌రేట్ పోయిందని ఎవరైనా అంటే, టోర్నీ మొత్తం లెక్క చూపించమనండి. చూపించలేకపోతే ఆ మాటను పట్టించుకోకండి.

అపోహ: ఆలౌటైతే ఆడిన ఓవర్ల వరకే లెక్క

దీని వల్ల జరిగే నష్టం కూడా తక్కువేం కాదు. ఆలౌటైన జట్టు ఎన్ని ఓవర్లు ఆడినా, లెక్కలో కోటా మొత్తం ఆడినట్టే వేస్తారు. బంగ్లాదేశ్ 271 చేసి థాయ్‌లాండ్‌ను 28.5 ఓవర్లలో 93కు ఆలౌట్ చేసింది. లెక్కలో ఆ 93ను భాగించేది 28.5తో కాదు, 50తో. బంగ్లాదేశ్‌కు ఆ 0.639 తెచ్చిన అసలు మ్యాచ్ ఇదే. ఈ ఒక్క మ్యాచ్‌లో 50కి బదులు 28.5 వేసి చూస్తే వాళ్ల రన్‌రేట్ 0.23 దగ్గరికి పడిపోతుంది. తేడా చూశారుగా.

దీన్ని బట్టి రెండు సంగతులు. ఎదుటి జట్టు తొమ్మిది వికెట్లు పడ్డాక ఫీల్డింగ్‌లో సడలిపోకూడదు, ఆ పదో వికెట్ పడితే మిగిలిన ఓవర్లన్నీ మీ ఖాతాలోకి లాభంగా వస్తాయి. ఇక మీరు ఛేదిస్తూ ఓడిపోతున్నప్పుడు "ఎలాగూ పోతాం, బాదేసి ఔటైపోదాం" అనుకోకండి. ఔటైపోతే మిగిలిన బంతులు మీ లెక్కలో ఉంటాయి, పరుగులు మాత్రం ఉండవు. ఓడే మ్యాచ్‌లో చివరి బంతి దాకా ఆడి నాలుగైదు పరుగులు పోగేసిన టెయిలెండర్‌కు, అంటే చివర్లో దిగే బ్యాటర్‌కు, నేను మనసులోనే దండం పెడతాను.

వాన వల్ల ఓవర్లు కుదిస్తే, ఆ కుదించిన కోటాతోనే భాగిస్తారు. లాహోర్‌లో వెస్టిండీస్, ఐర్లండ్ మ్యాచ్‌కు లెక్కలో వేసింది 33 ఓవర్లే. పూర్తిగా రద్దయిన మ్యాచ్ లెక్కలోకే రాదు.

మిగిలినవి గబగబా

"మ్యాచ్‌లో వెస్టిండీస్ బంగ్లాదేశ్‌ను ఓడించింది కదా, మరి వాళ్లే వెళ్లాలి కదా?" ఓడించిన మాట నిజం. ఏప్రిల్ 17న మూడు వికెట్లతో గెలిచారు. కానీ పాయింట్లు సమమైతే ముందు విజయాల సంఖ్య, అవీ సమమైతే నెట్ రన్‌రేట్. ముఖాముఖి ఫలితం వంతు వచ్చేది ఆ తర్వాతే. మీ టోర్నీలో వరస వేరుగా ఉండొచ్చు, నియమాల కాగితం టోర్నీ మొదలవక ముందే అడిగి తీసుకోండి.

"పది వికెట్లతో గెలిస్తే రన్‌రేట్ ఎక్కువ పెరుగుతుంది." వికెట్లకూ నెట్ రన్‌రేట్‌కూ ఏ సంబంధమూ లేదు, ఎన్ని ఓవర్లలో కొట్టారన్నదే లెక్క. ఐర్లండ్‌పై బంగ్లాదేశ్ రెండు వికెట్లతోనే బయటపడింది, దానివల్ల వాళ్ల రన్‌రేట్‌కు ఏ నష్టమూ లేదు.

"10.5 ఓవర్లంటే పదిన్నర." కాదు! పది ఓవర్ల ఐదు బంతులు, కాలిక్యులేటర్‌లో 10.833. ఫోన్‌లో 10.5 అని కొట్టేసి, ఆ అంకె పట్టుకుని పిల్లలకు సైగలు చేసే పెద్దవాళ్లను చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఓవర్లను బంతుల్లోకి మార్చి, ఆరుతో భాగించండి. లేదా నా దగ్గరికి రండి, చెప్పడానికే కూర్చున్నాను.

"మ్యాచ్‌ల వారీ రన్‌రేట్లు కలిపి సగటు తీస్తే చాలు." చాలదు. మొత్తం పరుగులను మొత్తం ఓవర్లతో భాగించాలి. పైన లాహోర్ లెక్క అలా చేసిందే.

"బంగ్లాదేశ్ అదృష్టం కొద్దీ వచ్చిన జట్టు." ఈ మాట నాకు అసలు నచ్చదు. 2025 జనవరిలో వెస్టిండీస్‌లో జరిగిన సిరీస్ చివరి వన్డేలో ఓడి వాళ్లు నేరుగా వచ్చే బెర్తును పోగొట్టుకున్నారు. అందుకే లాహోర్ వెళ్లాల్సి వచ్చింది. అక్టోబర్ 13న విశాఖ స్టేడియంలో దక్షిణాఫ్రికాతో వాళ్ల మ్యాచ్ చూశాను. 232 చేశారు. షోర్నా అక్తర్ 35 బంతుల్లో 51 నాటౌట్‌గా ఆడుతుంటే నా పక్క వరసలో ఉన్న కాలేజీ పిల్లలు భారత్ మ్యాచ్ అన్నంత గోల చేశారు. దక్షిణాఫ్రికా మూడే బంతులు మిగిలుండగా, మూడు వికెట్లతో గట్టెక్కింది. ఆ దక్షిణాఫ్రికా తర్వాత ఫైనల్ దాకా వెళ్లింది. 0.013 తేడాతో వచ్చిన జట్టు అలా పోరాడింది.

"ప్రతిసారీ మైదానంలోనే తేలుతుంది." అదీ నిజం కాదు. 2021లో హరారేలో జరుగుతున్న క్వాలిఫయర్‌ను కొత్త కోవిడ్ వేరియంట్ భయంతో నవంబర్ 27న మధ్యలోనే ఆపేశారు. ర్యాంకింగ్‌ల ప్రకారం బంగ్లాదేశ్, పాకిస్థాన్, వెస్టిండీస్‌లకు బెర్తులు ఇచ్చారు. అదే టోర్నీలో బంగ్లాదేశ్‌ను ఓడించిన థాయ్‌లాండ్ ఇంటికెళ్లింది, ఎందుకంటే అప్పటికి వాళ్లకు వన్డే హోదానే లేదు, ఇక ర్యాంకు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ హోదా 2022లో దక్కింది. ఆ అమ్మాయిల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మనసులో ఉండదు.

"క్వాలిఫయర్ అంటే చిన్న జట్లు ఆడుకునేది, మనకెందుకు?" 2017 ఫిబ్రవరిలో కొలంబోలో క్వాలిఫయర్ ఆడింది మన జట్టే. నేరుగా బెర్తులు తేల్చే ఐసీసీ మహిళల చాంపియన్‌షిప్‌లో పాకిస్థాన్‌తో ఆడాల్సిన మూడు మ్యాచ్‌లు జరగకపోవడంతో ఆ ఆరు పాయింట్లు వాళ్లకు వెళ్లాయి. నేరుగా వెళ్లేది మొదటి నాలుగు జట్లే, మనం ఐదో స్థానంలో ఆగాం. దాంతో మన హైదరాబాదీ మిథాలీ రాజ్ సారథ్యంలోని జట్టు కొలంబో వెళ్లింది. దక్షిణాఫ్రికాతో ఫైనల్‌లో చివరి రెండు బంతుల్లో ఎనిమిది పరుగులు కావాలి. హర్మన్‌ప్రీత్ కౌర్ ఒక సిక్స్ కొట్టి, చివరి బంతికి రెండు పరుగులు తీసి ఒక వికెట్ తేడాతో గెలిపించింది. అదే ఏడాది జులై 23న లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఆడి, ఇంగ్లండ్ చేతిలో 9 పరుగులతో ఓడిన జట్టు ఇదే.