క్లబ్బు వారపు సమావేశంలో ఆర్థిక ప్రసంగం: అపోహలు – వాస్తవాలు

డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాటి నుంచి, గోదావరి, కృష్ణా తీర పట్టణాల్లోని రోటరీ అనే సేవా సంస్థకు చెందిన క్లబ్బులు వారపు సమావేశాలకు నన్ను అతిథి వక్తగా పిలుస్తున్నాయి. అధ్యక్షుడు గంట మోగించి సమావేశాన్ని ప్రారంభించాక, ఫోర్ వే టెస్ట్ అనే నాలుగు ప్రశ్నలు చదవడం, కార్యదర్శి ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు పూర్తయ్యేసరికి వక్తకు మిగిలేది ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. ఆ వ్యవధిలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: సేవా క్లబ్బుకు రక్తదానం, కంటి శిబిరాలు చాలు, ఆర్థిక విషయాలతో పనిలేదు.

వాస్తవం: 1905 ఫిబ్రవరి 23న చికాగోలో న్యాయవాది పాల్ హారిస్‌తో కలిసి తొలి సమావేశంలో కూర్చున్నవారు ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ. వేర్వేరు వృత్తులవారు ఒకరి కార్యాలయంలో ఒకసారి, మరొకరి కార్యాలయంలో ఇంకోసారి వంతులవారీగా కలుసుకోవడం వల్లనే ఆ సంస్థకు రోటరీ అనే పేరు వచ్చింది. మనం ప్రతి వారం చదివే ఫోర్ వే టెస్ట్ కూడా మహా మాంద్యం నాటిదే. 1932లో దివాలా అంచున ఉన్న ఒక అల్యూమినియం పాత్రల కంపెనీని నిలబెట్టే బాధ్యత తీసుకున్న హెర్బర్ట్ టేలర్, తన ఉద్యోగుల కోసం ఆ నాలుగు ప్రశ్నలు రాశారు. రోటరీ వాటిని 1943లో స్వీకరించింది. ‘ఇది నిజమేనా?’ అనే మొదటి ప్రశ్నను ఆర్థిక వార్తలకు కూడా వేయడం అలవాటు చేసుకోవాలని సభ్యులను నేను ప్రత్యేకంగా కోరుతుంటాను.

అపోహ: ఆర్థికవేత్త వస్తే బంగారం, స్థలాల ధరలు ఎటు పోతాయో చెప్పాలి.

వాస్తవం: అది ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. చెప్పగలనని వచ్చే వక్తను పిలవకపోవడమే క్లబ్బుకు మేలు.

అపోహ: ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గినట్లే.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించే అంశం ఇదే, ఎందుకంటే పత్రికలో చదివినదానికీ కిరాణా బిల్లుకూ పొంతన లేదని భావించిన మనిషి, క్రమంగా ఏ గణాంకాన్నీ నమ్మడం మానేస్తాడు. నిరుడు 100 రూపాయలైన సరుకుల బిల్లు 6 శాతం ద్రవ్యోల్బణంతో ఈ ఏడాది 106 అయిందనుకుందాం. మరుసటి ఏడాది ద్రవ్యోల్బణం 2 శాతానికి ‘తగ్గితే’ బిల్లు 108 రూపాయల 12 పైసలు అవుతుంది. తగ్గింది ధరలు పెరిగే వేగమే తప్ప ధర కాదు. చట్ట సవరణ ద్వారా 2016 నుంచి రిజర్వ్ బ్యాంకుకు నిర్దేశించిన లక్ష్యం కూడా సున్నా కాదు. 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. పైగా ద్రవ్యోల్బణాన్ని లెక్కించడానికి 2012 ఆధార సంవత్సరంగా రూపొందించిన పాత వినియోగదారుల ధరల సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం ఉండేది. హోటల్ నడిపే సభ్యుడి ఖర్చులో ఆ వాటా అంతకంటే ఎక్కువగా, పిల్లల ఫీజులకే జీతం చాలని గుమాస్తా ఖర్చులో తక్కువగా ఉండవచ్చు కనుక, సూచీ అబద్ధం చెప్పకపోయినా ఏ ఒక్కరి ఇంటి లెక్కతోనూ అది సరిగ్గా సరిపోలదు.

అపోహ: రూపాయి విలువ పడిపోతే రొయ్యలు ఎగుమతి చేసే మన ప్రాంతానికి లాభమే.

వాస్తవం: భీమవరం వంటి చోట ఈ మాట అననివారు అరుదు, అందులో కొంత నిజం కూడా ఉంది. డాలర్లలో సొమ్ము అందుకునే ఎగుమతిదారు చేతికి ఎక్కువ రూపాయలు వస్తాయి. అయితే ఆ లాభం చెరువు గట్టు వరకు చేరుతుందా అన్నదే అసలు ప్రశ్న. వనామీ రకం రొయ్య పిల్లలను పుట్టించడానికి హేచరీలు వాడే తల్లి రొయ్యలు చాలావరకు విదేశాల నుంచి విమానంలో వచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటి హేచరీలకు చేరతాయి. వాటి ధర డాలర్లలోనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పే డీజిల్ కోసం దేశం తన ముడి చమురు అవసరంలో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. రొయ్యల ఎగుమతుల్లో ఈక్వెడార్ దేశపు పోటీ ఉండనే ఉంది. 2025 ఆగస్టులో చేసినట్లుగా అమెరికా మన సరుకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచి, ఆ భారంలో కొంత మీరే భరించాలని అక్కడి కొనుగోలుదారు పట్టుబడితే, రూపాయి తగ్గడం వల్ల కలిగిన లాభం బేరంలోనే కరిగిపోతుంది. కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి ఇచ్చే ధర, పడిపోయిన రోజున రైతుకు మిగిలేది పెరిగిన ఖర్చు మాత్రమే.

అపోహ: బ్యాంకులో దాచిన సొమ్ము మొత్తానికీ బీమా ఉంటుంది.

వాస్తవం: 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక బ్యాంకులో ఒక డిపాజిటరుకు, అన్ని శాఖల్లోని అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకే బీమా వర్తిస్తుంది. ఈ ఒక్క సమాచారం తెలుసుకొని వెళ్లినా ఆ సాయంత్రం సార్థకమేనని నేను అనుకుంటాను.

అపోహ: ఆర్థిక విధానం గురించి మాట్లాడితే క్లబ్బులోకి రాజకీయం వచ్చేస్తుంది.

వాస్తవం: రోటరీ నిబంధనలు క్లబ్బు ఏ అభ్యర్థినీ బలపరచకూడదంటాయి, ప్రజా సమస్యలపై సభ్యులు చర్చించుకోవడాన్ని నిషేధించవు. నేను 1991 నాటి విదేశీ మారక ద్రవ్య సంక్షోభాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. చంద్రశేఖర్ ప్రభుత్వ కాలంలో మే నెలలో 20 టన్నుల బంగారాన్ని విదేశంలో అమ్మి డాలర్లు తెచ్చుకున్నాం, పి.వి. నరసింహారావు ప్రభుత్వం వచ్చాక జులైలో మరో 47 టన్నుల దాకా తాకట్టు పెట్టాం, అదే నెల మొదట్లో రూపాయి విలువను రెండు విడతల్లో తగ్గించాం. రెండు ప్రభుత్వాలకూ ఎదురైనది ఒకటే కొరత కాబట్టి, దిగుమతులకు డాలర్లు ఎందుకు కరువయ్యాయో వివరించడానికి ఏ పార్టీ పక్షమూ వహించనక్కరలేదు.

వక్తలను ఆహ్వానించే సభ్యులకు ఒక విన్నపం. సభ్యుల ప్రశ్నలను వారం ముందే కాగితంపై రాయించి వక్తకు పంపండి, ప్రసంగం తరువాత కనీసం పది నిమిషాలు ప్రశ్నలకు విడిచిపెట్టండి. గత నెల ఒక రైస్ మిల్లు యజమాని ముందుగా రాసి పంపిన, రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటైన రెపో రేటు గురించిన ప్రశ్నే ఆ రోజు నా ప్రసంగమంతటికీ ఆధారమైంది.