ఒఫీలియా నోట ఏడు పాటలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తాను. డెన్మార్క్ స్వరకర్త హాన్స్ అబ్రహామ్‌సెన్ రచన ‘లెట్ మీ టెల్ యు’ మాటెత్తితే చాలు, ఎవరైనా దాదాపు ఈ కింది అపోహలే చెబుతారు. షేక్‌స్పియర్ నాటకం ‘హామ్లెట్’లోని ఒఫీలియా తన కథ తానే చెప్పుకునే ఏడు పాటలు అవి. సోప్రానో (ఆడవాళ్ల పైస్థాయి) గొంతుకీ ఆర్కెస్ట్రాకీ రాసినవి, మొత్తం అరగంట.

అపోహ: ఇదొక ఒపేరా.

కాదు. వేషాల్లేవు, సెట్లు లేవు, రెండో పాత్ర లేదు.

అపోహ: షేక్‌స్పియర్ పంక్తులకే బాణీ కట్టారు.

మాటలు షేక్‌స్పియర్‌వే, వాక్యాలు మాత్రం కావు. 2008లో పాల్ గ్రిఫిత్స్ అనే రచయిత ఇదే పేరుతో ఒక నవల రాశారు. నాటకంలో ఒఫీలియా పలికిన మాటలు తప్ప ఇంకోటి వాడకూడదని నియమం పెట్టుకున్నారు, ఆ మాటలేమో ఐదు వందలు కూడా లేవు! అవధానంలో నిషిద్ధాక్షరి చూసినవాళ్లకి ఆ ఇబ్బంది ఎలాంటిదో తెలుసు, ఇక్కడ అది పుస్తకం పొడుగునా ఉంటుంది. పాటలకి సాహిత్యం కూడా ఆ నవల్లోంచి ఆయనే కూర్చారు. నాటకంలో తండ్రి ఒకటి చెబుతాడు, అన్న ఒకటి చెబుతాడు, హామ్లెట్ ఇంకొకటి అంటాడు, ఆ పిల్ల ఎక్కువగా వాళ్లకి బదులు చెబుతూనే ఉంటుంది. అవే మాటల్ని వేరే వరసలో పెడితే జ్ఞాపకం అంటే ఏమిటని తనంతట తాను ఆలోచించే మనిషి బయటికొచ్చింది. నాకు ఈ రచనలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది అదే.

పిచ్చెక్కి నీళ్లలో మునిగిపోయిన అమ్మాయి కదా, ఇక పాడేదేముంది అంటారు కొందరు. ఆ చావు నాటకంలోనూ మన కళ్లముందు జరగదు, రాణి గెర్ట్రూడ్ వచ్చి చెబుతుందంతే. ఇక్కడైతే చివరి పాటలో ఒఫీలియా తనంతట తానే మంచులోకి నడిచి వెళ్తుంది. ఆ మంచు చప్పుడు కోసం తాళవాద్యకారుడు బాస్ డ్రమ్ (పెద్ద డోలు) తోలు మీద కాగితం రుద్దుతాడు.

అపోహ: అంత పెద్ద ఆర్కెస్ట్రాలో ఒక్క గొంతు మునిగిపోతుంది.

మునగదు, ఎందుకంటే అబ్రహామ్‌సెన్ చాలాచోట్ల వాద్యాలకి పలచగా, మెల్లగా, పైస్థాయిలో రాశారు. మాకు టెన్షన్ అంతా అక్కడే. గట్టిగా వాయించేటప్పుడు చిన్న పొరపాటు కలిసిపోతుంది కానీ, ఇంత మెల్లగా వాయిస్తుంటే విల్లు కాస్త వణికినా హాలంతటికీ తెలుస్తుంది.

అపోహ: కొత్త సంగీతం అంటే గోల, పాతదానితో సంబంధం ఉండదు.

గాయని ఒకే అక్షరాన్ని ఒకే స్వరం మీద గబగబా మళ్లీ మళ్లీ పలికే చోట్లు వినండి, అది 17వ శతాబ్దపు ఇటలీ స్వరకర్త మాంటెవెర్డి పద్ధతి. 2013 డిసెంబర్ 20న బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో దీన్ని మొదట పాడింది బార్బరా హానిగన్, కండక్టర్ ఆండ్రిస్ నెల్సన్స్. రచన అంకితం కూడా ఆమెకే. 2016లో దీనికి సంగీత రచనలకిచ్చే గ్రావెమేయర్ అవార్డు వచ్చింది.

మొదటిసారి వినేవాళ్లు నాటకం నాలుగో అంకంలో ఒఫీలియా పాటలు పాడే రంగం చదివి, ఆ తర్వాత హానిగన్, నెల్సన్స్ బవేరియన్ రేడియో ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగ్ పెట్టుకోండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, ఫోన్ స్పీకర్లో ఆ కాగితం చప్పుడు వినబడదు.