నాలుగు బండ్ల సామానుకు సి బుక్కు ఎక్కడ?

పాత టాటా 407 ఛాసిస్. దాని కింద ఇంకో లారీ వెనక ఇరుసు హౌసింగు, జీపులోంచి తీసిన ఫోర్‌వీల్ గేరు బాక్సు, ఎప్పుడో ఆగిపోయిన వ్యాను ఇంజను. పైన చైన్‌పుల్లీ స్టాండు. రాయి ఎత్తడానికో, రోడ్డు పక్కన చెడిపోయిన బండిని లాక్కురావడానికో ఇంతకంటే చవకైన సాధనం దొరకదు. లేత్ షాపూ వెల్డింగ్ షాపూ పక్కపక్కనే ఉన్న ఊరైతే చాలు, నరసన్నపేటైనా బొబ్బిలైనా, దీన్ని కట్టగల చేతులు అక్కడ ఉంటాయి. కట్టాక రోడ్డెక్కితేనే చిక్కు. "ఏ బండి ఇది?" అని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అడిగే మొదటి ప్రశ్నకే జవాబుండదు. సామానిచ్చిన నాలుగు బండ్లకూ నాలుగు సి బుక్కులు (రిజిస్ట్రేషన్ కాగితాలు) ఉండొచ్చు. ఈ బండికి ఒక్కటీ ఉండదు.

ఇలాంటి బండిని దొంగ సరుకులా చూడటం ఇప్పటి అలవాటు. అయితే శ్రీకాకుళం, విజయనగరం వైపు లారీ అంటేనే చాలాకాలం సగం కంపెనీది, సగం బాడీ కట్టే షెడ్డుది. ఆ రెండో సగం షెడ్డుల చేతిలోంచి ఎలా జారిపోయిందో తెలిస్తేగానీ నేటి గొడవ అర్థం కాదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యాలు వదిలేసిన ఫోర్డ్, షెవర్లే, డాడ్జ్ లారీలు డిస్పోజల్స్ వేలంలో దేశమంతా అమ్ముడయ్యాయి. అవన్నీ పెట్రోలు బండ్లు. కొన్నవాళ్లకు అవి చవకే కానీ, కొన్నాళ్లకే స్పేరు పార్టులు ఖరీదైపోయాయి. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే కంపెనీలు ఇక్కడే తయారీకైనా దిగాలి, లేదా వెళ్లిపోవాలి అన్న ప్రభుత్వ విధానంతో 1953–54 నాటికి ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ దేశం విడిచాయి. బండ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. వాటి పెట్రోలు ఇంజన్లు దింపి పెర్కిన్స్ డీజిలు ఇంజన్లు ఎక్కించడం మన మెకానిక్కులు నేర్చిన మొదటి పెద్ద మార్పిడి. ఆ ఇంజన్లను మద్రాసులో సింప్సన్ వాళ్లే తయారుచేసేవారు. ఇంజను ఒక ఊరిది, ఛాసిస్ ఇంకో దేశానిది, బాడీ మన వడ్రంగిది. అప్పట్లో ఎవరూ దీన్ని తప్పుగా చూడలేదు. 1939 మోటారు వాహనాల చట్టం కూడా మార్పు చేస్తే అధికారికి చెప్పమందే తప్ప, కంపెనీ రాసిచ్చిన కాగితంతో తూచలేదు.

తర్వాత వచ్చిన స్వదేశీ లారీలదీ అదే దారి. 1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా–మెర్సిడెస్ బెంజ్ లారీ వచ్చింది. 1955లో మద్రాసు దగ్గర ఎన్నూరులోని కంపెనీ అశోక్ లేలాండ్‌గా మారింది. వీళ్లు అమ్మింది ఛాసిస్, ఇంజను, ముందు అద్దం కిందివరకు రేకు. క్యాబిను, తలుపులు, వెనక తొట్టి, డ్రైవరు పడుకునే బల్ల, పైన గ్యాలరీ కొన్నవాడి బాధ్యత. కొత్త ఛాసిస్‌ను కంపెనీ నుంచి ఊరికి తోలుకొచ్చే డ్రైవరు ముఖానికి గుడ్డ చుట్టుకుని, చెక్క పెట్టె మీద కూర్చుని వందల కిలోమీటర్లు నడిపేవాడు. ఎదురుగాలీ దుమ్మూ నేరుగా ముఖానికే.

ఈ సగం లారీని పూర్తి లారీ చేసే పనిలో ఉత్తరాంధ్రకు పేరు తెచ్చింది సాలూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక అది పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ, అంతకుముందు అది విజయనగరం జిల్లా లారీల ఊరు. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రోడ్డు (పాత 43వ నంబరు, ఇప్పుడు ఈ భాగం 26) సాలూరు దాటగానే ఘాట్ ఎక్కుతుంది. కొండ మీద కొరాపుట్, ఇంకా అవతల బస్తర్. మైదానం సరుకు పైకి, అడవి సరుకు, గనుల సరుకు కిందికి. కొండ కింద ఆగి బ్రేకులు చూసుకోని లారీ ఉండదు. అలా ఆగిన చోటే మెకానిక్కులు, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) వేసేవాళ్లు, బాడీ కట్టేవాళ్లు కూడారు. ఘాట్‌లో విరిగిన హౌసింగుకు కొత్తది వచ్చేదాకా ఆగితే కిరాయి పోతుంది. పక్కన ఆగిపోయిన లారీది ఊడదీసి బిగిస్తే సాయంత్రానికి బండి కదులుతుంది. సామాను కలపడం అక్కడ సరదా కొద్దీ పుట్టలేదు.

1980ల్లో జపాన్ కంపెనీలతో కలిసి చిన్న లారీలు తయారుచేసే పొత్తులు వరసగా వచ్చాయి: డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. 1986లో వాటికి పోటీగా టాటా 407 దిగింది. పొత్తుల్లో కొన్ని ఎక్కువకాలం నిలవలేదు. ఆల్విన్ నిస్సాన్‌ను దశాబ్దం తిరక్కుండానే మహీంద్రా తీసుకుంది. ఇంజను బాగానే ఉన్నా కంపెనీ పేరు మారిపోతే, దొరకని ఒక్క గేరు చక్రం కోసం బండి మొత్తం మూలపడుతుంది. మూలపడిన బండి ఇంకో బండికి సామానవుతుంది. ఇప్పుడు ఎవరైనా కలగాపులగం బండి కట్టాలని చూస్తే పాత 407ను ముందు వెతకడానికి కారణం కూడా ఇదే. దానికి మాత్రం ఎక్కడైనా సామాను దొరుకుతుంది.

కట్టడం అంటే వెల్డింగు మాత్రమే అనుకునేవాళ్లకు పనిలోని అసలు కష్టం కనిపించదు. ఇంజను, చక్రం ఒకదానికొకటి లెక్క కుదరాలి. పొలంలో నీళ్లు తోడే అయిదు హార్స్‌పవర్ డీజిలు ఇంజను నిమిషానికి 1500 తిరుగుళ్లు తిరుగుతుందనుకుందాం. పాత జీపు క్రౌన్ నిష్పత్తి (ఇరుసు దగ్గర గేరు వేగం తగ్గించే లెక్క) 5.38. అంటే టాప్ గేరులో చక్రం నిమిషానికి 279 సార్లు తిరుగుతుంది. ఆ టైరు ఒక్క చుట్టుకు రెండుంబావు మీటర్లు పోతుంది, కాబట్టి వేగం గంటకు 37 కిలోమీటర్ల చిల్లర. కాగితం మీద బాగానే ఉంది. ఆ వేగంలో అయిదు హార్స్‌పవర్ ఇచ్చే లాగుడు బలం 36 కిలోల బరువుకు సమానం. మొత్తం రెండు టన్నులున్న బండి ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు ఎక్కాలంటే ఆ ఎత్తుకే వంద కిలోల బలం కావాలి, టైర్ల రాపిడి వేరే. చిన్న గేరులోకి దింపి మనిషి చురుగ్గా నడిచినంత వేగంతో పోతే తప్ప ఎక్కదు. ఇటుక బట్టీలో అది చాలు. సాలూరు ఘాట్‌లో చాలదు.

బ్రేకులది ఇంకా ప్రమాదకరమైన లెక్క. పెట్రోలు ఇంజను పీల్చే గాలి దారిలో ఖాళీ (వ్యాక్యూమ్) ఏర్పడుతుంది. పెడలు తొక్కడాన్ని తేలిక చేసే బ్రేకు బూస్టరు ఆ ఖాళీ మీదే పనిచేస్తుంది. డీజిలు ఇంజనుకు ఆ ఖాళీ ఉండదు, వ్యాక్యూమ్ పంపు వేరే బిగించాలి. అది మరిచి పెట్రోలు బండిలోకి డీజిలు ఇంజను ఎక్కిస్తే బండి బాగానే పరిగెడుతుంది, పెడలు మాత్రం రాయిలా గట్టిపడుతుంది. పెడలు దగ్గరి మాస్టర్ సిలిండరు ఒక బండిది, చక్రాల దగ్గరి వీల్ సిలిండర్లు ఇంకో బండివి కలిస్తే సరిపడా ఆయిలు అందక పెడలు నేలకు తగులుతుంది. క్రేను స్టాండుతో వచ్చే ముప్పు వేరే. ముందు వెనక ఇరుసుల మధ్య మూడు మీటర్లుండి, వెనక ఇరుసుకు అవతల ఒకటిన్నర మీటరు దూరంలో రెండు టన్నులు వేలాడితే, ముందు చక్రాల మీది బరువులో ఒక టన్ను లేచిపోతుంది. స్టీరింగు తిప్పినా బండి తిరగదు. టెక్కలి నీలి గ్రానైటు ఘనమీటరుకు రమారమి 2.7 టన్నులుంటుంది. రెండు టన్నులంటే ముప్పావు ఘనమీటరైనా కాదు, ఆ క్వారీల లెక్కలో చిన్న ముక్కే.

మంచి మేస్త్రీలు ఈ లెక్కలు నోటితోనే చేస్తారు, ముందు బంపరులో ఇనుప దిమ్మెలు వేస్తారు. అందరూ మంచి మేస్త్రీలు కారు. చట్టం బిగియడానికి ఉన్న న్యాయమైన కారణం అదే, కాదనలేం.

1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై నుంచి అమల్లోకి వచ్చింది. 52వ సెక్షన్ మార్పుల గురించి. మొదట అది సి బుక్కులో ఉన్న వివరాలకు భిన్నంగా బండి ఉండకూడదంది, ఉంటే అనుమతి తీసుకోమంది. 2000 సవరణతో మాట మారింది: తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా ఉండకూడదు. పైకి చిన్న సవరణ. నా ఉద్దేశంలో షెడ్డుల మీద పడిన అసలు దెబ్బ ఇదే. అప్పటిదాకా యజమానికీ ఆర్టీవోకీ మధ్య ఉన్న వ్యవహారంలో కంపెనీ మూడో మనిషిగా వచ్చి, చివరి మాట తనదే చేసుకుంది. ఇంధనం మార్చే కిట్లకు వెసులుబాటు ఉంది. పది బండ్లకు తక్కువ కాకుండా ఉన్న యజమానులకు ఆర్టీవో అనుమతి లేకుండానే అదే కంపెనీ, అదే రకం ఇంజను మార్చుకునే సౌకర్యం రాష్ట్రం ఇవ్వొచ్చు. ఒక్క లారీ ఉన్న డ్రైవరు కమ్ ఓనరుకు అదీ లేదు.

ఉత్తరాదిన పంపు ఇంజన్లతో కట్టే జుగాడ్ బండ్ల సంగతి 2013లో రాజస్థాన్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: అవీ మోటారు వాహనాలే. అంటే వాటికీ రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ లైసెన్సూ ఉండి తీరాలి. 2019 జనవరిలో కేరళ కేసులో అదే కోర్టు, కంపెనీ ఇచ్చిన మూల వివరాలను మార్చి రిజిస్టరు చేయకూడదని స్పష్టం చేసింది. ఆ ఏడాదే వచ్చిన సవరణ చట్టం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంది. 'ఒక్కో మార్పుకు' అన్న మాట గమనించాలి. పైన చెప్పిన బండికి ఇంజను, గేరు బాక్సు, హౌసింగు, స్టాండు వేర్వేరుగా లెక్కేస్తే ఇరవై వేలు.

అయినా రోడ్డు మీద ఇలాంటి బండ్లు తగ్గడానికి చట్టం ఒక్కటే కారణమంటే నమ్మను. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్లు, 700 సీసీ డీజిలు, ముప్పావు టన్ను మోసే సత్తా. దానికి ఫైనాన్సు దొరికింది. పలాస జీడిపిక్కల బస్తాకైనా, నెల్లిమర్ల మిల్లుకు వెళ్లే గోగునార మోపుకైనా, కూరగాయల బుట్టకైనా అది సరిపోయింది. తుక్కు ఏరి, నెలలు తిప్పలుపడి బండి కట్టే అవసరం చాలామందికి అక్కడితో తీరింది. తీరనిది బరువు ఎత్తేవాళ్లకు, లాగేవాళ్లకు, ఫలానా పనికే ఫలానా ఆకారం కావాల్సినవాళ్లకు.

వాళ్ల సామాను దారి ఇప్పుడు సన్నబడుతోంది. 2021లో తుక్కు బండ్ల విధానం, గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రాల నిబంధనలు వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన భారీ లారీకి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఫీజు 12,500 రూపాయలైంది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఆగింది. ఒకప్పుడు వేలంలో ఊళ్లకు చేరిన ఆఫీసు జీపులు ఇప్పుడు నేరుగా కటింగుకు పోవాలి. బండి పూర్తిగా పాడైతే పద్నాలుగు రోజుల్లో ఆర్టీవోకి చెప్పి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలన్న నియమం (55వ సెక్షన్) పాతదే. పాటించకపోవడమే ఆనవాయితీ. తుక్కైన బండి సి బుక్కు, దాని ఛాసిస్ నంబరు పలక ఇంకో బండి మీద ప్రాణం పోసుకునే దొంగ వ్యాపారం ఆ సందులోంచే పుట్టింది. నిజాయితీగా పనిముట్టు కట్టుకున్నవాడిని కూడా పోలీసు అనుమానంగా చూడటానికి కారణం ఆ వ్యాపారమే.

బాడీ కట్టే షెడ్డుల మీదా అదే ఒత్తిడి. లారీ క్యాబిన్లకు, బాడీలకు ఏఐఎస్-093 అనే కోడ్ వచ్చింది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మూడున్నర టన్నులు దాటిన లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలి. ముఖానికి గుడ్డ కట్టుకుని ఛాసిస్ తోలిన డ్రైవర్ల తర్వాతి తరానికి ఇది న్యాయమే. కాకపోతే కొలతలూ పరీక్షలూ కాగితాలూ తెచ్చే క్యాబిను చెక్కతో కట్టిన షెడ్డులో తయారవదు, ఫ్యాక్టరీ నుంచే వస్తుంది.

చట్టంలో ఒక తలుపు మాత్రం తెరిచే ఉంది. మోటారు వాహనం నిర్వచనం ఇచ్చే 2(28) క్లాజు, ఫ్యాక్టరీలోనో మరో ప్రహరీ లోపలో మాత్రమే వాడటానికి కట్టిన ప్రత్యేక రకం బండిని పక్కన పెట్టింది. గ్రానైటు పాలిష్ యార్డులో, మిల్లు ఆవరణలో తిరిగే కలగాపులగం బండికి ఇదే ఆసరా. గేటు దాటి, రోడ్డు అడ్డంగా ఉన్న రెండో యార్డుకు వెళ్లాలంటే ఆ ఇరవై అడుగుల్లో అది రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం. అక్కడ మనిషికి తగిలితే ఇన్సూరెన్సు ఉండదు, పరిహారం మొత్తం యజమాని జేబులోంచే.

ఒక్క మనిషి కట్టిన ఒక్క బండిని ఒక్కసారి పరీక్షించి నంబరిచ్చే పద్ధతి మన దగ్గర లేదు. మన పరీక్షలు పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ లాంటి చోట్ల, వేల బండ్లు చేసే కంపెనీ నమూనా బండికి జరుగుతాయి. బ్రిటన్‌లో అలాంటి విడి పరీక్ష ఉంది. పాత బండి నంబరు నిలుపుకోవడానికి అక్కడ చాలాకాలం మార్కుల లెక్క కూడా నడిచింది. ఛాసిస్ మార్పు లేకుండా అసలుదైతే అయిదు మార్కులు, కమాన్లకు రెండు, ఇరుసులకు రెండు, గేరు బాక్సుకు రెండు, స్టీరింగుకు రెండు. ఎనిమిది వస్తే పాత నంబరు ఉండేది. రాకపోతే పరీక్ష నెగ్గి, 'క్యూ'తో మొదలయ్యే నంబరు తెచ్చుకోవాల్సి వచ్చేది. ఆ అక్షరం చూడగానే కొనేవాడికి తెలిసిపోతుంది, ఇది పలు బండ్ల సామానని. ఆ లెక్కలో ఇంజనుకు ఇచ్చింది ఒకటే మార్కు. మన 52వ సెక్షన్ పది బండ్ల యజమానికి వదిలిన మార్పు కూడా ఆ ఇంజను ఒక్కటే.