బెత్తం లేని క్లాసు: టీచర్లు అడిగే మాటలు, నా జవాబులు

ఆదోని, కోసిగి వైపు బడుల్లో టీచర్లతో కలిసి నేను చేసే పనికి సానుకూల ప్రవర్తన మద్దతు అని పేరు. ఎలా మెలగాలో పిల్లలకు పాఠంలా నేర్పుతాం, నేర్చుకుంటే గుర్తిస్తాం, తప్పితే ఎందుకు తప్పారో వెతుకుతాం. ట్రైనింగ్ మొదలవగానే కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి.

అపోహ: "దెబ్బ భయం లేకుంటే క్లాసు చేజారిపోతుంది సార్."

విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇది టీచర్లకు తెలుసు. బెత్తం బదులు ఏం చేయాలో చాలామందికి ఎవరూ చూపించలేదు, అందుకే ఈ టెన్షన్. దెబ్బ వేస్తే అల్లరి ఆ నిమిషానికి ఆగుతుంది కాబట్టి పనిచేసినట్టే ఉంటుంది. కానీ ఏం చేయాలో పిల్లాడికి అప్పుడూ తెలియదు. లెక్క తప్పితే మళ్లీ చేసి చూపిస్తాం, వరుసలో తోసుకుంటే మాత్రం చేయి ఎత్తుతాం. వరుసలో నిలబడడం కూడా నేర్పాల్సిందే. మధ్యాహ్న భోజనం ముందు ప్లేటు పట్టుకుని ఎంత ఎడంగా నిలబడాలో, కుళాయి దగ్గర ముందువాళ్లు చేతులు కడుక్కునేదాకా ఎలా ఆగాలో టీచర్ చేసి చూపించాలి, పిల్లలతో చేయించాలి. సంక్రాంతి సెలవులయ్యాక మళ్లీ చేయించాలి. నియమాలు మూడో నాలుగో చాలు. "అరవొద్దు" అని రాసే బదులు "చేయెత్తి మాట్లాడదాం" అని రాయండి. మా వైపు ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లలు ఎక్కువ. గోడ మీది తెలుగు వాక్యం కంటే చేసి చూపించిందే వాళ్లకు తొందరగా అందుతుంది.

అపోహ: "స్టార్లు, చాక్లెట్లు ఇవ్వడం లంచమే కదా."

ఈ అనుమానంలో కొంత నిజముంది. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ పరిశోధకులు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలకు తర్వాత ఆ ఆసక్తి తగ్గింది. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్లలో తగ్గలేదు. అందుకే ఇష్టంగా చేసే పనికి స్టార్ ఆశ చూపకండి. ఇంకా అలవాటు కాని పనికి, అదీ మొదట్లో కొన్నాళ్లే వాడండి. అంతకంటే మీ మాటకే బలం ఎక్కువ. ఉత్త "గుడ్" సరిపోదు, "నీ వంతు వచ్చేదాకా ఆగావు, బాగుందమ్మా" అనండి. ఒక మందలింపుకు కనీసం నాలుగు మెచ్చుకోళ్లు ఉండాలన్నది ఈ రంగంలో తరచూ ఇచ్చే సలహా. లెక్క తెలియాలంటే, మెచ్చుకున్నప్పుడల్లా ఒక చింతగింజను ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చండి.

అపోహ: "వాడి బుద్ధే అంత, ఇంట్లో పట్టించుకోరు."

నాకు ఎక్కువ బాధ కలిగించే మాట ఇది. అమ్మానాన్నలు సుగ్గికి, అంటే పంట కోతల కాలం వలసకు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. పిల్లాడూ వాళ్లతో పోయి నెలల తర్వాత తిరిగొస్తాడు. అప్పటికి పాఠాలు ముందుకు వెళ్లిపోయి ఉంటాయి. చదవమనగానే పక్కవాణ్ణి గిల్లుతాడు. బయట నిలబెడతారు. చదవాల్సిన బాధ తప్పింది, కాబట్టి రేపూ గిల్లుతాడు. మనం శిక్ష అనుకున్నది వాడికి ఊరట. అందుకే ఒక వారం రాసి పెట్టండి: గొడవకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత వాడికేం దక్కింది. చదువు తప్పించుకోవడానికే అని తేలితే, పేరాకు బదులు రెండు వాక్యాలివ్వండి, చదవగలిగే స్నేహితుడి పక్కన కూర్చోబెట్టండి, "సార్, ఇది నాకు రాలేదు" అని అడగడం నేర్పండి. వలసను మనం ఆపలేం, ఇవి మాత్రం రేపే చేయొచ్చు.

అపోహ: "ఇది అల్లరి పిల్లలకే."

కాదు, క్లాసు మొత్తానికి. అందరికీ నేర్పేదే సుమారు 80 శాతం మందికి సరిపోతుందని, 15 శాతానికి చిన్న గుంపుల్లో అదనపు సాయం, 5 శాతానికి విడిగా ప్రణాళిక కావాలని ఈ పద్ధతిలో స్థూల అంచనా.

అపోహ: "తప్పు చేసినా ఏమీ అనకూడదట."

అనాలి. నీళ్లు ఒలకబోసినవాడు తుడవాలి. నలుగురిలో పరువు తీయకూడదు, అంతే.

మొదలుపెట్టేవాళ్లు బడి మొత్తాన్ని ఒకేసారి మార్చాలనుకోకండి. ముందు భోజనాల వరుస ఒక్కటే తీసుకోండి. టీచర్లందరూ ఒకే మాట చెప్పాలి. వంట చేసే అక్కలనూ ఆ మీటింగ్‌లో కూర్చోబెట్టండి, వడ్డించేది వాళ్లే.