సేవ కోసం పాడినా అనుమతి తప్పదు: జోలపాటల రికార్డింగుపై అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో సంగీతం నేర్పుతూ, కచేరీలు చేస్తూ ఉన్న నేను, పాప పుట్టాక, నెలలు నిండకుండా పుట్టిన శిశువుల వైద్యానికి విరాళాలు సమకూర్చేందుకు మా చిన్ననాటి జోలపాటలను, ఆటపాటలను రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఆ సంగతి తెలిసిన దగ్గరి నుంచి, ఇదే పని తలపెట్టిన కొత్త తల్లిదండ్రులు, తోటి కళాకారులు తరచూ ఫోన్ చేస్తున్నారు. దాదాపు అందరి మాటల్లోనూ ఒకే అపోహ వినిపిస్తోంది. ఎక్కువ నష్టం చేసేది కూడా అదే కనుక ముందు దాని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: సేవ కోసం పాడే పాటకు కాపీరైటు వర్తించదు.

వాస్తవం: వర్తిస్తుంది. 1957 నాటి కాపీరైటు చట్టంలో ఒక పరిమితమైన మినహాయింపు ఉంది. ఔత్సాహిక బృందం టికెట్టు లేకుండా శ్రోతల ముందు పాడినా, మత సంస్థ మేలు కోసం పాడినా అది ఉల్లంఘన కిందికి రాదు. ఈ మాటే చేతులు మారి, ‘ధర్మకార్యమైతే ఏ పాటనైనా వాడుకోవచ్చు’ అనే పుకారుగా తయారైనట్టుంది. ఆ మినహాయింపు ప్రదర్శనకే గాని, పాటను రికార్డు చేసి యూట్యూబులో పెట్టడానికి గాని, అమ్మడానికి గాని కాదు. వచ్చిన ప్రతి రూపాయినీ ఆసుపత్రికే ఇచ్చినా ఈ నియమం మారదు.

ఒక పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగు అనే మూడింటికీ వేర్వేరు హక్కులు ఉంటాయని గుర్తుంచుకోవాలి. రచయిత, స్వరకర్తల హక్కు వారి జీవితకాలమంతా, ఆపైన మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగుపై హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. జోలపాటల విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరపడేది బాణీ దగ్గరే. అన్నమయ్య 1503లో పరమపదించారు కాబట్టి ఆయన సాహిత్యం అందరిదీ. కానీ ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరే ఉంది, పాడే స్వరాలు లేవు. ఈనాడు మనం పాడుకునే చాలా అన్నమయ్య బాణీలు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. అలా ఎన్నో సంకీర్తనలకు బాణీలు కట్టిన నేదునూరి కృష్ణమూర్తి గారు 2014లో మన విశాఖలోనే కన్నుమూశారు. ఆ లెక్కన ఆయన బాణీలపై హక్కు 2074 చివరి దాకా ఉంటుంది. త్యాగరాజస్వామి ఉయ్యాల కీర్తనలకు ఈ చిక్కు లేదు. సాహిత్యం, బాణీ రెండూ ఆయనవే, ఆయన 1847లోనే సిద్ధిపొందారు.

అందుకే నన్ను అడిగినవారికి మీ అమ్మమ్మ పాడినట్టే పాడమని చెబుతున్నాను. కట్టినవారెవరో తెలియని, తరాల నుంచి నోటివెంట వచ్చిన లాలి మీద ఎవరికీ హక్కు లేదు. మా అమ్మమ్మ ‘జో అచ్యుతానంద’ను నవరోజు రాగంలో, కింది పంచమం మీద చాలాసేపు నిలిచి, పాదం చివర ఊపిరి వదిలేస్తూ పాడేది. ఇప్పుడు వీడియోల్లో వినిపించే మెరుగులేవీ అందులో లేవు. నేను రికార్డు చేసింది ఆ వరసనే, ఒక్క తంబురా శ్రుతితో.

గాజువాక వైపు నుంచి ఒక యువతి ఏడుస్తూ ఫోన్ చేశారు. ఇలాంటి జోలపాటనే ఆమె నెట్‌లో దొరికిన కరోకే ట్రాక్ (గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉన్న రికార్డింగు) మీద పాడి యూట్యూబులో పెట్టారు. పాట పాతదే అయినా ట్రాక్ వేరొకరిది. హక్కుదారుల రికార్డింగులను వెతికి పట్టే యూట్యూబు యంత్రాంగం కంటెంట్ ఐడీ దాన్ని గుర్తుపట్టింది. ప్రకటనల ఆదాయం నెలల తరబడి ట్రాక్ యజమానికే వెళ్లింది, పిల్లల కోసం అనుకున్న డబ్బు పిల్లలకు చేరలేదు. ఆమె మాత్రం పోలీసులు వస్తారేమోనని బెంగపడుతున్నారు. ఆ భయం అక్కర్లేదు. క్లెయిమ్ (ఇది మాదని హక్కుదారు చెప్పుకోవడం) వేరు, స్ట్రైక్ (వీడియోను తీసేసి ఛానెల్‌కు ఇచ్చే హెచ్చరిక) వేరు, కోర్టు కేసు వేరు. మీ వాద్యం, మీ గొంతు, సంప్రదాయ వరస అయినా క్లెయిమ్ వస్తే నిస్సంకోచంగా అభ్యంతరం తెలపండి. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు తెలిపితే, తగవు తేలేదాకా క్లెయిమ్ పడిన మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని యూట్యూబు తన దగ్గరే నిలిపి ఉంచుతుంది. ఆలస్యం చేస్తే అభ్యంతరం తెలిపిన రోజు నుంచే నిలుపుతుంది. ట్రాక్ నిజంగా వేరొకరిదైతే తగవుకు దిగకుండా, పాటను తంబురాతోనో వీణతోనో మళ్లీ పాడుకోవడం మేలు.

సినిమా జోలపాటలకు ‘కవర్ వెర్షన్’ (ఉన్న పాటను మన గొంతుతో మళ్లీ రికార్డు చేయడం) దారి ఉందని మరికొందరు అంటున్నారు. చట్టంలో ఆ దారి ఉన్నమాట నిజమే. కానీ తొలి రికార్డింగు జరిగిన సంవత్సరం తరువాత 5 ఏళ్లు గడవాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏటా కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ చెల్లించాలి. చిన్న సేవా ప్రయత్నానికి అది మోయలేని భారం.

మిగతా పుకార్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ‘15 సెకన్ల లోపు వాడితే పట్టించుకోరు’ అన్నది అబద్ధం, చట్టంలో అలాంటి లెక్క ఏదీ లేదు. కింద రచయిత పేరు వేయడం మర్యాద, అది అనుమతికి బదులు కాదు. రేడియోలో వచ్చిన పాట ప్రజల సొత్తు అయిపోదు.

బాలింత పాడితే గొంతు పోతుందన్న మాట మా ఇంట్లోనూ వినిపించింది. పెద్దల ఆదుర్దా నాకు అర్థమవుతుంది. కాన్పు తరువాత సడలేది గొంతు కాదు, ఊపిరిని పట్టి నిలిపే పొట్ట కండరాలు. సిజేరియన్ అయినవారు డాక్టరు సరేనన్నాకే పెద్ద సంగతుల (పాదాన్ని మార్చి మార్చి పాడే మెలికల) జోలికి వెళ్లండి. అప్పటిదాకా తగ్గు శ్రుతిలో, చిన్న చిన్న పాదాలుగా పాడుకోండి. జోలపాటకు అంతకు మించి అక్కర్లేదు.

హక్కు ఉన్న పాటే కావాలనుకుంటే అడగడానికి మొహమాటపడకండి. నేను ఒక కవిగారి కుమారుడికి ఉత్తరం రాస్తే, తండ్రిగారి పేరు తప్పుల్లేకుండా వేయమని మాత్రమే కోరి, రుసుము లేకుండా ఒప్పుకున్నారు. ఫోన్‌లో ‘సరే’ అన్నది చాలదు. ఏ పాట, ఏయే వేదికలు, ఎంతకాలం, డబ్బు ఏ సంస్థ ఖాతాకు చేరుతుంది అన్న నాలుగూ కాగితం మీద ఉండాలి, సంతకం ఉండాలి. సాహిత్యం ఒకరిది, బాణీ ఇంకొకరిది అయితే రెండు సంతకాలూ తీసుకున్నాకే స్టూడియో బుక్ చేసుకోండి.